సుందరపాలెము తీర్చిన మనుష్యులు

కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' 'యువ' మాసపత్రికలో వెలువడినది. అది నవల కాదు, పెద్దకథ. అయినను ఒక ఊరంతయు అందులో ఇమిడియున్నది. ఆయన శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో జన్మించి 2021లో కన్నుమూసిరి. మన పల్లెల సంగతి లోపలనుండి ఎరిగినవారు గనుక, ఆయన చూపించు సుందరపాలెపు పంచాయితీలో మనమును ఒకమూల కూర్చున్నట్లే తోచును.

తగవు ఒక్కటే. అప్పల్రాముడు తనకు బాకీయున్నాడని గోపన్న పంచాయితీకెక్కెను. ఇందులో దుర్మార్గుని వెదకకుడి, దొరకడు. గోపన్నయు చితికిపోయిన వర్తకుడే. పెద్దయైన శ్రీరాములునాయుడు ఊరికి మేలు చేసినవాడు. అప్పల్రాముడు కష్టజీవి, పెద్దల మాట జవదాటనివాడు.

నాకు తోచినదేమనగా, సమాజము మనుష్యుని కొట్టి మాత్రమే తీర్చదు, మెచ్చుకొనియు తీర్చును. బాకీ ఎగవేయనివాడనిపించుకొనుటే ఆ ఊరిలో పేదవానికి దొరకు మర్యాద. (కలిగినవానికి ఈ పరీక్ష ఎవరు పెట్టుదురు?) అప్పల్రాముడు ఆ మర్యాదను నమ్ముకొని బ్రదికెను, తుదకు తీర్పునకు తలవంచి భూమి వదలుకొన సిద్ధపడెను. నాయుని సంగతియు అంతే. ధర్మము తప్పడను పేరు ఆయనను కట్టివేసినది. అప్పు నిజమా కాదా అని తేల్చగలడు; ఊరు బాగుపడుచుండగా ఈ ఒక్క ఇల్లు ఏల క్రుంగెనను ప్రశ్నను మాత్రము తీర్పులోనికి రానియ్యలేడు.

సీతారాముడు ఆ తండ్రి కొడుకే. ఆ మెప్పు వానికి అంటలేదు. తన బిడ్డ బానిసగా బ్రదుకకూడదని తానే వానిని చంపి పంచాయితీ ముందర పడవేసెను.

సమాజమే చేయించినదని చెప్పి ఊరకుండుట సులభము. నేనది ఒప్పుకొనను. అదే ఊరు తండ్రిని పెంచినది, తండ్రి చెయ్యెత్తలేదు. అయితే కొడుకునొక్కనినే దోషిగా నిలువబెట్టుటయు నాకు చేతకాదు. తీర్పు విని సరేయనిన పెద్దమనుష్యులు అందరును అక్కడనే ఉండిరి గదా!

పంచాయితీ మాటలు ఒక్కొక్కచోట సాగినట్లుండును. దాటవేయకుడి, ఆ ఇంటి లెక్కలన్నియు అందులోనే ఉన్నవి. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటిలో ఈ కథ దొరకును.