దయ్యానికి క్వాంటం తాయెత్తు

ఆర్థర్ కోస్ట్లర్ 1972లో ప్రచురించిన ‘ది రూట్స్ ఆఫ్ కోయిన్సిడెన్స్’ మన సభ్యుల ఇళ్ళలో ఇంకా చేతులు మారుతూనే ఉంది. చింతచెట్టు మీది దయ్యాన్ని నమ్మడానికి సిగ్గుపడే మన ఇంజనీర్లు, డాక్టర్లు సైతం దయ్యం పక్కన ‘క్వాంటం’ అన్న మాట చేరిస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటారు. అందుకే ఆ పుస్తకాన్ని కాస్త నిలదీయాలనిపించింది మాకు.

కోస్ట్లర్ చెయ్యి తిరిగిన రచయిత. పరమాణువు లోపలి లోకం ఎంత విచిత్రమో ఆయన చెప్పినంత హాయిగా పాఠ్యపుస్తకాలు చెప్పవు. ఆయన ముఖ్యంగా రాసింది ఒకరి మనసులోని మాట మరొకరికి తెలియడం వంటి వాటి గురించి. దయ్యాల దాకా లాగినవారు వేరు. అయితే దారి వేసిన వాదం మాత్రం ఆయనదే: భౌతికశాస్త్రమే ఇంత వింతైనప్పుడు తక్కిన వింతలు ఎందుకు ఉండకూడదు?

రెండూ వింతలైనంత మాత్రాన చుట్టాలైపోవు. భూమిలోంచి దూసుకుపోయే న్యూట్రినోను చూపి, ఆ వరసలోనే ఫిర్సాఫ్ ఊహించిన ‘మైండాన్’నూ, డాబ్స్ ఊహించిన ‘సైట్రాన్’నూ కోస్ట్లర్ మన ముందు పెడతారు. పేర్లు బాగున్నాయి. కాని న్యూట్రినో పుట్టుక వేరు. బీటా క్షయంలో శక్తి లెక్క సరిపోక 1930లో పౌలీ దాన్ని ఊహించాడు. ఆ లెక్క పట్టుకునే కోవన్, రైనెస్ 1956లో అణు రియాక్టరు దగ్గర దాని జాడ తీశారు. మైండాన్ దొరక్కపోతే ఏ లెక్క తప్పుతుంది? ఏదీ తప్పదు.

‘పరిశీలకుడు’ అన్న మాట వినగానే మనలో కొందరు ఉపనిషత్తుల ‘సాక్షి’ని తెచ్చి పీట వేస్తారు. ప్రయోగశాలలో ఆ పని ఫొటో ప్లేటు కూడా చేస్తుంది, పాపం దానికి ఆత్మ లేదు.

ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరుకు ప్రయోగశాలలో ఒక రాత్రి కంటి కొసన బూడిదరంగు ఆకారం కనిపించింది. తిరిగి చూస్తే లేదు. మర్నాడు తన ఫెన్సింగు కత్తిని వైసులో బిగిస్తే అది తనంతట తానే ఊగసాగింది. వెతగ్గా, ఒక ఫాను సెకనుకు దాదాపు 19 కంపనాల ధ్వని పుట్టిస్తోందని తేలింది. చెవికి అందని ధ్వని అది. ఫాను బిగింపు మార్చగానే పోయింది. ఈ సంగతి 1998లో అచ్చయింది. తర్వాత లండన్‌లో 79 మందిని ఒక గదిలో ఉంచి చేసిన ప్రయోగం ఫలితాలు 2009లో వచ్చాయి. చాలామందికి ఏవేవో అనుభవాలు కలిగాయిగాని, వాటికీ ఆ ధ్వనికీ సంబంధం కుదరలేదు. టాండీ ఊహకు ఓడిపోగల గుణం ఉంది. మాకు నచ్చినది అదే.

ఇంత దూరాన ఉండి తల్లి కడసారి చూపు దక్కనివారికి ఆవిడ గుమ్మంలో నిలబడినట్టు కనిపిస్తే? వారికి మైండాన్లు చెప్పడం ఊరట కాదు, వెక్కిరించడం అంతకన్నా పాపం. వేల్స్‌లో డ్యూయీ రీస్ అనే డాక్టరు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందిని స్వయంగా కలిసి, 1971లో ఒక వ్యాసం ప్రకటించారు. దాదాపు సగం మందికి, పోయినవారు దగ్గరే ఉన్నట్టో, కనిపించినట్టో, మాట్లాడినట్టో అనుభవమైంది. వారిలో మతి చెడినవారు కారు, మామూలు మనుషులు. చాలామంది డాక్టరు అడిగేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.