పేరుకే మానసిక నర్సు

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నర్సుకు పెద్ద పేరిచ్చింది. సాధారణ నర్సింగ్‌లో డిప్లొమా ఉండి, రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదైతే చాలు, ఆమె 'మానసిక ఆరోగ్య నర్సు'. అదే చట్టం 106వ సెక్షన్ మాత్రం, తన వృత్తి పరిధి దాటి ఎవరూ వైద్యం చెయ్యొద్దంటది. శిక్షణ లేకున్నా పేరొస్తది, శిక్షణ పొందినా మందు రాసే అధికారం రాదు. ఈ మెలికనే మేం ప్రశ్నిస్తున్నం.

నర్సుకూ రోగికీ నడుమ సంబంధమే చికిత్స అని హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే పుస్తకం రాసింది. అమెరికాలో ఉన్నత శిక్షణ పొందిన మానసిక నర్సులు ఇయ్యాల రోగం నిర్ధారిస్తరు, మందు రాస్తరు, మాటలతో చికిత్స చేస్తరు. మన దగ్గర ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా, రెండేళ్ల ఎమ్మెస్సీ ఉన్నయ్. వాటితో ఆ హక్కులు రావు. 2015-16 జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందలేదు.

ఆ అందనివాళ్లెవరు? తాండూరు నాపరాయి గనుల్లో, కంది చేన్లలో కూలికి పోయేటోళ్లు. వాళ్లకు పిచ్చాసుపత్రంటే హైదరాబాదు ఎర్రగడ్డే. 2021 జనవరిలో వికారాబాద్ జిల్లాలో కల్తీ కల్లు తాగి వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యిన్రు. డాక్టరు చీటీ మీద రాసే ఆల్ప్రజోలమే తెలంగాణల కల్లులో కల్తీకి వాడుతున్నరు. అలవాటైనంక హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తయి. దాన్ని దయ్యమనుకోకుండా మొదట గుర్తుపట్టాల్సింది ఊరి దవాఖాన నర్సే.

అయితే ఒక అనుమానం న్యాయమైనదే: పట్నపోళ్లకు డాక్టరు, మాలమాదిగ వాడకు నర్సా? డాక్టరు పోస్టు ఎగ్గొట్టడానికి నర్సును పెడితే మేం ఒప్పుకోం. కానీ పరాయి ఒంటిని తాకే పని మైలని అగ్రవర్ణాలు దూరం జరిగిన కాలంలో, మిషన్ ఆసుపత్రుల ద్వారా ఈ వృత్తిలోకి వచ్చిన వాళ్లలో దళిత క్రైస్తవ స్త్రీలున్నరు. ఆ అనుభవం చిన్న చదువేం కాదు.

మాటలతో చేసే చికిత్సకు మాటే పనిముట్టు. తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడం, తండాలో లంబాడి. ఇంగ్లీషులో నేర్చిన సైకోథెరపీ ఎవరితో మాట్లాడుతది? కేసు షీటులో చదువు, వృత్తి, ఆదాయం రాస్తరు. బావి కాడ, బడిలో, పనికాడ పడ్డ అవమానాన్ని ఏ గడిలో రాస్తరు? దాన్ని అడగడం నేర్పని శిక్షణ రోగి దుఃఖాన్ని రోగి తప్పుగానే చూస్తది.

వికారాబాద్‌లో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడే నర్సులకు ఈ ఉన్నత శిక్షణ ఇయ్యాలె: జనం భాషలో, కులాన్ని పాఠంగా పెట్టి, జీతం పెంచి, చట్టబద్ధమైన అధికారమిచ్చి. లేకుంటే అది బరువు పెంచడమే, గౌరవం పెంచడం కాదు.