సంచిలో పట్టే రైఫిల్

అబిడ్స్‌లో తుపాకుల దుకాణం మెట్లెక్కేవాళ్లలో చాలామంది కొనడానికి రారు. లైసెన్సు కాగితాల గురించి కనుక్కోవడానికో, తాత నాటి ట్వెల్వ్ బోర్‌ను శుభ్రం చేయించడానికో, ఎన్నికలొస్తే ఆయుధం అప్పజెప్పడానికో వస్తారు. మొన్న డిసెంబరులో నాతో వచ్చిన మా అక్క కొడుకు మాత్రం కొందామనే వచ్చాడు. కొలరాడోలో ఉద్యోగం, సెలవు దొరికితే కొండలెక్కడం వాడి లోకం. ఆ వారం నల్లమల వెళ్లాలని తయారవుతున్నాడు. “మామయ్యా, రెండు ముక్కలు చేసి బ్యాగులో పెట్టుకునే రైఫిల్స్ ఉంటాయి కదా, దారి తప్పితే పనికొస్తాయని. అలాంటిది ఇక్కడ దొరుకుతుందా?” అని నాంపల్లి నుంచి నడిచొస్తున్నంతసేపూ అడుగుతూనే ఉన్నాడు.

దుకాణం పెద్దాయన విసుక్కోలేదు. “లైసెన్స్ ఉందా బాబూ?” అన్నారు. లేదనగానే బీరువాలోంచి పాత డబుల్ బ్యారెల్ తీసి, ఖాళీగా ఉందని చూపించి, బల్ల మీద పెట్టారు. గొట్టాల కింది చెక్కకున్న చిన్న మీట నొక్కితే ఆ చెక్క చేతిలోకి వచ్చేసింది. పైనున్న లివర్ బొటనవేలితో పక్కకు తోసి, గొట్టాలను కిందికి వంచి, కొక్కెం నుంచి తప్పించారు. మూడు ముక్కలు. “విడదీసే తుపాకీ కొత్త సంగతేం కాదు. పెట్టెలో పెట్టుకుని రైలెక్కేవాళ్లు” అన్నారు. తర్వాత గొట్టాల అడుగున తాళం పడే ఇనుప గుబ్బను వేలితో తడిమి చూపించారు. అక్కడ మెరుపు ఒకే తీరుగా ఉంటే తుపాకీ బాగున్నట్టు. ఒక పక్కే అరిగిందంటే గొట్టాలు వదులైనట్టు.

ఈ పేటకూ తుపాకికీ చుట్టరికం పాతది. నాలుగడుగులేస్తే గన్‌ఫౌండ్రీ, ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో నిజాం కోసం ఫిరంగులు పోయించిన చోటు. అబిడ్స్ అన్న పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం నుంచి వచ్చింది. పులి వేటలో ఆ నిజాముకు పెద్ద పేరు. ఆయన తుపాకుల బరువు ఎవరూ లెక్కపెట్టి ఉండరు, మోయడానికి ఏనుగులూ బళ్లూ ఉండేవి. తన సామాను తన వీపునే మోసుకునే మనిషికి గ్రాము గ్రాముకూ లెక్కుంటుంది.

మావాడి మనసులో ఉన్నది ఏఆర్-7. 1950ల చివర్లో యూజీన్ స్టోనర్ చేసిన నమూనా అది. ఎం-16కు మూలమైన ఏఆర్-15 కూడా ఆయన బుర్రలోంచి వచ్చిందే. బ్యారెల్, రిసీవర్, మ్యాగజైన్ అన్నీ విప్పి ప్లాస్టిక్ బట్ లోపలే దాచేయొచ్చు. మూత బిగిస్తే నీళ్లలో తేలుతుంది. తొలి మోడల్ బరువు కిలోంబావుకు అటూ ఇటూ. పాయింట్ టూ టూ తూటాలు 50 కలిపినా 200 గ్రాములు దాటవు. కాగితం మీద ఇంతకు మించిన సర్వైవల్ రైఫిల్ ఉండదు.

అయితే దాని వెనక సైటు రిసీవర్ మీద ఉంటుంది, ముందు సైటు బ్యారెల్ కొసన. విప్పి బిగించిన ప్రతిసారీ ఆ రెండింటి వరస వెంట్రుకవాసి జరగొచ్చు. కుందేలంత గురికి ఆ వెంట్రుకవాసే తేడా తెస్తుంది. 2012లో వచ్చిన రూగర్ 10/22 టేక్‌డౌన్ రెండు కిలోలకు పైనే తూగుతుంది. కానీ దాని రెండు ఇనుప సైట్లూ బ్యారెల్ మీదే ఉంటాయి, కీలు వదులైతే బిగించుకునే మర కూడా ఉంది. నేనైతే ఆ అదనపు బరువు మోయడానికే మొగ్గుతాను. విడదీసే రైఫిల్ ఎంచుకునేటప్పుడు బరువు రెండో ప్రశ్న. కీలు మొదటిది.

అసలు ఈ రైఫిల్స్ ఎవరి కోసం పుట్టాయో మావాడికి చెప్పాను. విమానం కూలి మంచులో పడ్డ పైలట్ కోసం. అమెరికా వైమానిక దళం వాడిన ఎం-6లో ఒక పాయింట్ టూ టూ హార్నెట్ గొట్టం, దాని కింద ఒక పాయింట్ ఫోర్ టెన్ గొట్టం ఉండేవి. దానికి ట్రిగ్గర్ బదులు వెడల్పాటి మీట పెట్టారు, మందపాటి చేతి తొడుగులు తీయకుండానే నొక్కగలగాలని. 1965 మార్చిలో సోవియట్ వ్యోమగాములు బెల్యాయెవ్, లియొనోవ్ దిగాల్సిన చోటు తప్పి ఉరల్ అడవుల మంచులో దిగారు. తోడేళ్లూ ఎలుగులూ తిరిగే అడవి అది. ఆ అనుభవం తర్వాత చాలా ఏళ్లకు, 1986 నుంచి, వాళ్ల నౌకల్లో టీపీ-82 అనే మూడు గొట్టాల తుపాకీ చేరింది. దాని బట్ ఊడదీస్తే కొడవలి లాంటి కత్తి. ఎంత ఆలోచించి చేశారో చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నల్లమల ఆ అడవి కాదు. అక్కడి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం లిఖితపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఏ ఆయుధమూ తీసుకెళ్లకూడదు. ఆ అనుమతి ఇవ్వాల్సిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయం నాంపల్లికి దగ్గర్లోనే, సైఫాబాద్ అరణ్య భవన్‌లో ఉంది. కుందేలును కొట్టినా నేరమే. 11వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, ప్రాణం కాపాడుకోవడానికి జంతువును చంపితే నేరం కాదు. కానీ ఆ సమయంలో మనిషి అదే చట్టాన్ని మీరి ఉంటే ఆ రక్షణ వర్తించదు. అంటే అనుమతి లేని రైఫిల్‌తో లోపలికి అడుగు పెట్టినవాడు, ఆత్మరక్షణ కోసమని చెప్పుకునే దారిని తానే మూసేసుకున్నట్టు.

చట్టాన్ని పక్కన పెట్టినా ఆ రైఫిల్ అక్కడ చేసేదేమీ లేదు. నల్లమలలో నడిచేవాడు ముందు జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటి గురించి. ఎదురుపడ్డ ఎలుగును పాయింట్ టూ టూతో కొడితే దాని కోపం పెరుగుతుందే తప్ప ఆగదు. ఆకలా? కుందేలు మాంసంలో కొవ్వు బహు తక్కువ, అదొక్కటే తింటూ పోతే మనిషి నీరసించిపోతాడని ఉత్తరాది మంచు దేశాల యాత్రికులు ఎప్పుడో గుర్తించారు. మన ఎండల్లో తిండి లేకుండా రెండు మూడు రోజులు గడుస్తాయి, నీళ్లు లేకుండా ఒక్క మధ్యాహ్నం గడవడం కష్టం. వాగులెండిపోయిన ఏప్రిల్లో ఏ బండ సందున చెమ్మ ఉంటుందో అక్కడి చెంచులకు తెలుసు. దారి తెలిసిన చెంచు మనిషి వెంట ఉంటే, అంతకన్నా పెద్ద ధైర్యం ఏ సంచిలోనూ పట్టదు.

అందుకని మావాడి సంచిలో ఆ కిలోంబావు చోటులో లీటరు నీళ్లు అదనంగా పెట్టించాను. మిగిలిన పావు కిలోలో విజిల్, తలకు కట్టుకునే టార్చి, అగ్గిపెట్టె, గాయానికి చుట్టే బ్యాండేజీ. ఎటు వెళ్తున్నాడో, ఎన్నింటికి తిరిగొస్తాడో కాగితం మీద రాసి అక్కకు ఇమ్మన్నాను.

గురి నేర్చుకోవాలన్న కోరిక మాత్రం మంచిదే. పాయింట్ వన్ సెవెన్ సెవెన్ ఎయిర్ రైఫిల్, శక్తి 20 జౌళ్లు దాటనిదైతే, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఆ కొలత పెల్లెట్‌తోనే. పది మీటర్ల దూరంలో ఊపిరి బిగబట్టి నిలబడడం వచ్చాకే మిగతావన్నీ.

కొలరాడో తిరిగి వెళ్లాక, అక్కడి చట్టం ఒప్పుకుంటే, టేక్‌డౌన్ కొనుక్కోమనే చెప్పాను. రేంజికి తీసుకెళ్లి పది తూటాలు కాల్చాలి, విప్పాలి, బిగించాలి, మళ్లీ పది. అలా కొన్నిసార్లు చేశాక అట్ట మీద చిల్లులన్నీ ఒకే గుప్పెట్లో పట్టాలి. విప్పడం, బిగించడం ఖాళీ తుపాకీతో కళ్లు మూసుకుని కూడా రావాలి. బిగించిన ప్రతిసారీ చిల్లుల గుంపు ఒక్కో మూలకు జరుగుతుంటే, ఆ రైఫిల్ ఎంత తేలికైనా సరే, తిరిగి ఇచ్చేసి రావాలి.