వాలుబాటకు కొలత: విశాఖ విహారస్థలాలపై ఒక విమర్శ

చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మను పాఠకులు ఎక్కడో ఒకచోట చూచియే ఉందురు. 1968లో సుసాన్ కోఫోడ్ అను డెన్మార్కు దేశపు విద్యార్థిని గీచిన గుర్తు అది. మొదట ఆ బొమ్మకు తల లేదు. కుర్చీవలె మాత్రమే కనిపించుచున్నదని మరుసటి సంవత్సరం తల చేర్చినారు. ఈ గుర్తు ఉన్న స్థలం వికలాంగులకు అనువైనదని ప్రపంచమంతటా అర్థం. మన విహారస్థలాలలో ఒక ర్యాంపు కట్టి, దాని ప్రక్కన ఈ బొమ్మ వేసినచో పని పూర్తి అయినదని తలచు అలవాటు ఏర్పడినది. ఆ అలవాటును గూర్చియే ఈ విమర్శ.

నేను మద్దిలపాలెంలో నివసించుచు, డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించుచున్నాను. క్రిందటి శీతకాలంలో చివరి సంవత్సరం విద్యార్థులతో సముద్రాన్ని చూచుటకు అనువైన ఒక మెరకకు వెళ్లితిని. ఆ స్థలం పేరు ఇక్కడ అవసరం లేదు. వారిలో ఒక అమ్మాయి చక్రాల కుర్చీ వాడును. ర్యాంపు ఉన్నదని ముందుగా విచారించియే బయలుదేరితిమి. ర్యాంపు ఉన్నమాట నిజమే. ఇద్దరు అబ్బాయిలు వెనుకనుండి నెట్టుచుండగా, సగం దూరంలో కుర్చీ ముందు చక్రాలు నేలనుండి పైకి లేచినవి. పట్టుకొనువారు లేకున్న ఆ అమ్మాయి వెల్లకిల పడియుండును. ఎట్లో పైకి చేరితిమి గాని, అక్కడ మోటారుసైకిళ్లు లోనికి పోకుండుటకై నాటిన ఇనుప గొట్టాలు అడ్డు వచ్చినవి. కుర్చీ వెడల్పు 64 సెం.మీ.; గొట్టాల నడుమ సందు 58 సెం.మీ. ఎత్తుకొని తీసికొనిపోదుమని స్నేహితులు ముందుకు వచ్చిరి. ఆమె ఒప్పుకొనలేదు. "వద్దు మాస్టారూ, మీరందరూ వెళ్లి రండి. సముద్రం ఇక్కడికి కూడా వినిపిస్తోంది కదండీ" అన్నది.

తిరుగుదారిలో టేపు తెప్పించి ర్యాంపును కొలిచితిమి. ఎత్తు 60 సెం.మీ., నేలమీది పొడవు 2.4 మీటర్లు. అనగా నాలుగుకు ఒకటి వాలు. ప్రపంచంలో పలు దేశాలు అనుసరించు గరిష్ఠ వాలు పన్నెండుకు ఒకటి. ఆ లెక్కన ఇదే ఎత్తుకు 7.2 మీటర్ల పొడవు కావలెను. తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడ చేయగల లెక్క ఇది. మనిషి, కుర్చీ కలిసి 80 కిలోలనుకొందము. ఘర్షణను విడిచిపెట్టినచో, పన్నెండుకు ఒకటి వాలుపై నెట్టుటకు సుమారు 6.6 కిలోల బరువుకు సమానమైన బలం చాలును. నాలుగుకు ఒకటి వాలుపై 19 కిలోలకు మించి కావలెను. తన చేతులతో తానే చక్రాలు త్రిప్పుకొను మనిషికి మొదటిది శ్రమ, రెండవది అసాధ్యం.

పడిపోవు ప్రమాదానికి కారణం వేరు. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున ఉన్నదనుకొనిన, పన్నెండుకు ఒకటి వాలుపై దాని లంబరేఖ వెనుక చక్రంవైపు 4 సెం.మీ. జరుగును. నాలుగుకు ఒకటి వాలుపై 12.5 సెం.మీ. జరుగును. ఆ రేఖ వెనుక చక్రం నేలను తాకుచోటును దాటినచో కుర్చీ తిరుగబడును. కావున నిటారు ర్యాంపు కేవలం అసౌకర్యం కాదు, అపాయం. మెట్లను చూచిన మనిషి ఆగిపోవును; ర్యాంపును చూచిన మనిషి నమ్మి ఎక్కును.

వాలును లెక్కించుట మనకు తెలియని విద్య కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చుటకై 1960 దశకంలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేసినారు. ఇనుప పట్టాలపై ఇనుప చక్రం నిటారుగా ఎక్కలేదు. అందువలన తూర్పు కనుమలను తొలిచి, మలుపులు త్రిప్పి, వాలును పొడవుగా సాగదీసినారు. ఖనిజం కొరకు కొండను తొలిచిన మనము, మనిషి కొరకు ఐదు మీటర్ల సిమెంటు అదనంగా పోయుటకు వెనుకాడుచున్నాము.

ఇక్కడ ఒక భేదం గుర్తించవలెను. ప్రతి అడ్డంకియు మన అశ్రద్ధవలన పుట్టినది కాదు. రామకృష్ణా బీచిలోని కుర్సురా జలాంతర్గామిని తీసికొందము. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న నౌక అది. పొడవు 91 మీటర్లు. లోపలి గదుల నడుమ గుండ్రని చిన్న ద్వారాలు ఉన్నవి. ఒక గదిలో నీరు చేరినచో తక్కినవి మునుగకుండ మూయుటకే అవి ఆ పరిమాణంలో ఉన్నవి. వాటిని వెడల్పు చేసినచో అది జలాంతర్గామి కాజాలదు. బొర్రా గుహలలోని ఎగుడుదిగుళ్ల విషయమూ ఇంచుమించు అట్టిదే. ఇట్టిచోట "అనువైనది" అని బొమ్మ వేయుట అసత్యం. లోపలి గదుల నమూనాను, చలనచిత్రాన్ని నేలమట్టంలో ఏర్పాటు చేసి, లోనికి పోవుట సాధ్యం కాదని స్పష్టంగా వ్రాయుట నిజాయితీ.

అయితే అదే జలాంతర్గామి చూపు లేని సందర్శకునికి ఎంత గొప్ప పాఠం! ఇనుప ద్వారం మందం, కవాటాల చక్రాలు, పడకల ఇరుకుదనం చేతితో తెలిసినంతగా కంటితో తెలియవు. తాకనిచ్చినచో చాలును. ఒకరికి మూసిన తలుపు మరొకరికి తెరచిన తలుపు. అన్ని వైకల్యాలకు ఒకే బొమ్మ వేయుటలోని లోపం ఇదియే. 2016 చట్టమే 21 రకాల వైకల్యాలను గుర్తించినది. కాలిబాట అంచును నేలకు సమంగా దించినచో చక్రాల కుర్చీకి మేలు. చేతికర్రతో నడచువానికి మాత్రం బాట ఎక్కడ ముగిసి రోడ్డు ఎక్కడ మొదలైనదో తెలియదు. అందుకే అంచున చుక్కల పలకలు పరచుదురు. జపానులో సెయిచి మియాకే 1965లో వీటిని కనిపెట్టగా, 1967లో ఒకయామా పట్టణంలో మొదటిసారి పరచినారు. గీతలుంటే సాగుము, చుక్కలుంటే ఆగుము అని వాటి భాష. మన పట్టణాలలో గీతల పలకలు తిన్నగా విద్యుత్ స్తంభానికి దారి తీయుట చూచినప్పుడు, మేస్త్రికి ఆ భాష ఎవరూ చెప్పలేదని తెలియును.

ఇసుక మాట. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినది. వికలాంగులకు ప్రవేశ సౌకర్యం ఆ పథకపు నియమాలలో ఒకటి. పొడి ఇసుకలో కుర్చీ కూరుకొనిపోవుటకు కారణం పీడనం: బరువు అంతయు సన్నని చక్రాల క్రింద కొద్దిపాటి వైశాల్యంపై పడును. బుడగవంటి వెడల్పు చక్రాలు ఆ బరువును పంచును. నీటి అంచునగల తడి ఇసుక గట్టిగా నుండును. రేణువుల నడుమ పలుచని నీటిపొర తన తలతన్యతచే వాటిని పట్టి ఉంచును. అనగా అసలు అడ్డంకి రోడ్డుకు, తడి ఇసుకకు నడుమగల పొడి మేర మాత్రమే. అంతమేరకు చాప పరచినచో సముద్రాన్ని తాకవచ్చును.

చట్టాలకు కొరత లేదు. 1995లో ఒకటి, 2016లో మరొకటి. పేర్లూ మారినవి: వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు. పేరు మారినంత మాత్రాన వాలు మారదు. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ సౌకర్యాల ప్రమాణాలు కేవలం సలహాలుగా ఉండరాదని, తప్పనిసరి నియమాలు చేయవలెనని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది. నియమాలు వచ్చినను, కొలుచువాడు ఉండవలెను. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఇది మంచి ప్రయోగం. టేపు, రసమట్టం, కాగితం చాలును. ఎత్తు, పొడవు, తలుపు వెడల్పు, వాహనం దిగినచోటునుండి మరుగుదొడ్డివరకు దారిలో ఎక్కడ తెగినదో వ్రాసికొనవలెను. ఒక్క మెట్టు మిగిలినను తక్కిన ర్యాంపులన్నియు వ్యర్థమే.

మా విద్యార్థులు ఈ పని మొదలుపెట్టినారు. పట్టిక గీచినది ఆ అమ్మాయియే. మొదట ఎక్కడ కొలుతమని అడిగితిని. "మన కాలేజీలోనేనండీ" అన్నది. కొలిచితిమి. ఏడుకు ఒకటి, 80 కిలోలకు 11 కిలోల పైచిలుకు బలం. ఆ ర్యాంపు మా ప్రయోగశాల కిటికీనుండి కనిపించును. వాలుతలం పాఠం నేను ఏటేటా చెప్పునది ఆ గదిలోనే.