నాలుగు చక్రాల లెక్క

బోస్టన్ శివార్లలోనో డెన్వర్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబం మొదటి మంచుకాలం గడిచాక కారు మార్చాలనుకుంటే, తెలిసినవాళ్లు చెప్పే పేర్లలో సుబారు ఔట్‌బ్యాక్ తరచూ వినిపిస్తుంది. పెద్ద డిక్కీ, నేలకు ఎత్తుగా ఉండే బాడీ, నాలుగు చక్రాలకూ అందే ఇంజిన్ బలం. రెండు లక్షల మైళ్లు దాటి ఇంకా తిరుగుతున్న బండ్లూ ఉన్నాయి. అన్ని మైళ్లు రావాలంటే యజమానికి బండి బలహీనతలు తెలిసి ఉండాలి.

సుబారు 1972లోనే లియోనె వ్యాగన్‌కు ఫోర్‌వీల్ డ్రైవ్ పెట్టింది. 1989 జనవరిలో లెగసీ కారు అమెరికాలోని అరిజోనాలో గంటకు సగటున 223 కిలోమీటర్ల వేగంతో లక్ష కిలోమీటర్లు పరుగెత్తి రికార్డు సృష్టించింది. ఆ లెగసీ వ్యాగన్ నుంచే 1990ల నడుమ ఔట్‌బ్యాక్ వచ్చింది.

అంత పేరున్న ఇంటి బండికి చాలా ఏళ్లు మచ్చగా మిగిలింది 2.5 లీటర్ల ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ నడుమ ఉండే సీలు. 1990ల చివరి బండ్లలో అది లోపల్లోపలే తెగేది. సిలిండర్ వాయువులు కూలెంట్‌లోకి చొరబడి, ఓవర్‌ఫ్లో డబ్బాలో బుడగలు లేచేవి, టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి పైకెగిరేది. ఆ తర్వాతి రకం ఇంజిన్‌లో ఆయిలూ కూలెంటూ బయటికి, హెడ్డు కింది అంచు వెంట చెమర్చేవి. కొన్ని మోడళ్లకు కంపెనీ కూలెంట్ కండిషనర్ ఇచ్చి, ఆ లీకు వారంటీని 8 ఏళ్లకు పెంచింది.

గ్యాస్కెట్ పోయిందనగానే బండి పని అయిపోయినట్టు కాదు. ఇంజిన్ దింపి, హెడ్లు చదును చేయించి, పలుచని స్టీలు పొరల గ్యాస్కెట్ వేస్తే మళ్లీ చాలాకాలం నడుస్తుంది. అదే చేత్తో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు కూడా మార్పించాలి. బెల్టుకు కంపెనీ పెట్టిన గడువు 1,05,000 మైళ్లు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. 2013 ఔట్‌బ్యాక్ నుంచి ఆ ఇంజిన్ స్థానంలో టైమింగ్ చెయిన్‌ ఉన్నది వచ్చింది కాబట్టి ఆ బెల్టు బాధ తప్పింది.

ఎక్కువమంది పట్టించుకోనివి మాత్రం టైర్లే. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు మించకూడదు. ట్రెడ్ లోతులో ఒక్క మిల్లీమీటర్ తేడా చాలు, ఆ హద్దు అంచుకు చేరడానికి. మేకు గుచ్చుకున్న ఒక్క టైరునే కొత్తది వేసి మిగతా మూడూ పాతవి ఉంచితే, చక్రాల వేగం ఎప్పటికీ కలవదు. ఆ తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్‌కో క్లచ్ ప్లేట్లకో క్షణం విరామం ఉండదు, వేడెక్కి అరిగిపోతాయి. అప్పుడు వచ్చే బిల్లు ముందు నాలుగు టైర్ల ఖరీదు ఎంత? ట్రెడ్ గేజి కొని గ్లవ్‌బాక్సులో పడేయడం, టైర్లను వేళకు చోటు మార్పించడం చిన్న పనులు. వాటిని గుర్తుపెట్టుకుని చేసినవాళ్ల బండ్లే ఎక్కువకాలం నిలుస్తాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు నాలుగు టైర్లూ ఒకే కంపెనీవేనా, ఒకేలా అరిగాయా చూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఖాళీ పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడపాలి. బండి పట్టేసినట్టు కుదుపులిస్తే ఆ డిఫరెన్షియలో క్లచ్ ప్లేట్లో దెబ్బతిని ఉండొచ్చు. బేరమాడనక్కర్లేదు, వదిలేసి ఇంకోటి చూసుకోవడమే మంచిది.