ఫ్లష్ ట్యాంకులో ఎర్ర రంగు

మా వీధిలో తెల్లవారేది నాలుగింటికే. షూటింగ్ ఉన్న జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ అసిస్టెంట్లు చీకటితోనే బయల్దేరాలి. అంతస్తుకు నాలుగేసి పోర్షన్లు, కొన్నిచోట్ల రెండు పోర్షన్లకు ఒకటే బాత్రూమ్. బకెట్ జరిపిన చప్పుడు, మగ్గు మునిగిన చప్పుడు, ఆ వెంటనే తలుపు తడుతూ "అక్కా, అయిపోయిందా?" అని ఓ గొంతు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఏళ్ళ తరబడి అద్దెకుంటున్న నాకు మెలకువ వచ్చేది ఈ చప్పుళ్ళకే.

పర్యావరణానికి మేలు చేసే బాత్రూమ్ అంటే ఇప్పుడు వెదురు బ్రష్షులు, సెన్సర్ కుళాయిలు, గాజు సీసాల్లో సబ్బులు చూపిస్తున్నారు. అద్దె ఇంట్లో టైల్స్ పగలగొట్టే హక్కు మనకు లేదు, కమోడ్ మార్చే స్తోమత అసలే లేదు. అందుకే నేను ఉన్నదాన్నే బాగు చేసుకోవడంతో మొదలుపెట్టాను. అది నేర్పింది ఒక ప్లంబర్.

ఓ ఏప్రిల్‌లో మా బిల్డింగ్‌లో పొద్దున నింపిన ట్యాంకు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. పైవాళ్ళు బట్టలు ఎక్కువ ఉతుకుతున్నారని కిందివాళ్ళు, చుట్టాలు ఎక్కువ వస్తున్నారని ఓనరు. మెట్ల మీద మాటా మాటా పెరిగింది. ప్లంబర్ వచ్చి పైపులన్నీ చూశాడు. చెమ్మ ఎక్కడా లేదు. "మేడమ్, వంటింట్లో మిఠాయి రంగు ఉందా?" అన్నాడు. చిటికెడు ఎర్ర రంగు మా ఫ్లష్ ట్యాంకులో కలిపి, కాసేపు ఎవరూ లోపలికి వెళ్ళొద్దన్నాడు. పావుగంట తర్వాత చూస్తే కమోడ్ తెల్లటి గోడ మీద సన్నటి గులాబీ చార, వెంట్రుకంత మందాన, చప్పుడు లేకుండా జారుతోంది. లోపలి రబ్బరు వాషర్ గట్టిపడి, అంచు విరిగింది. ఆ రోజు ఒక్కో పోర్షన్‌లో చూస్తే మరో రెండు ట్యాంకుల్లోనూ అదే చార. రాత్రింబవళ్ళు మూడు ట్యాంకులు కారుతుంటే మేం ఒకరినొకరం అనుమానించుకుంటూ కూర్చున్నాం. వాషర్ల ఖరీదు కంటే అతని కూలే ఎక్కువైంది. అతనికి ఇచ్చిన ఆ కూలి న్యాయమైనదనే నా అభిప్రాయం.

అప్పట్నించి నాకు కొలిచి చూడటం అలవాటైంది. వాష్‌బేసిన్ కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే రాత్రి పదింటికి కింద చెంబు పెట్టాను, నిండితే బకెట్‌లో పోశాను. పొద్దున ఆరింటికి లెక్కేస్తే మూడు లీటర్ల పైనే. అంటే రోజుకి దాదాపు పది, నెలకి మూడు వందలు.

ఆ మూడు వందల లీటర్లు ఎక్కడివో గుర్తు చేసుకుంటే మనసు ఊరుకోదు. నిజాం కాలంలో ఈ నగరానికి గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు చాలాయి. ఇప్పుడు నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్ళు నూరు కిలోమీటర్లకు పైగా, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు నూట ఎనభై కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి వస్తున్నాయి. వాటంతట అవి పారి రావు. దారి పొడవునా మోటార్లు ఎత్తిపోస్తేనే ఈ ఎత్తుకు చేరతాయి. మన కుళాయి నీటి చుక్కలో ఆ కరెంటు కూడా ఉంది. ఇంటికి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకాన్ని 2021 జనవరిలో మా పక్కనున్న రహ్మత్‌నగర్‌లోనే ప్రారంభించారు. ఇరవై వేలంటే రోజుకు ఆరు వందల అరవై పైచిలుకు. పేదింటికి అది పెద్ద ఊరట, ఉండాల్సిందే. బిల్లు రాదు కదా అని కుళాయిని కారనివ్వడం మాత్రం నాకు మింగుడు పడదు.

స్నానం సంగతీ కొలిచాను. మా బకెట్ పదహారు లీటర్లు. షవర్ కింద పెడితే రెండు నిమిషాల్లో నిండింది. మా అమ్మాయి షవర్ కింద ఏడు నిమిషాలు ఉంటుంది. అంటే మూడున్నర బకెట్లు. కొలత చూశాక బకెట్, మగ్గు తనే మళ్ళీ తెచ్చి పెట్టుకుంది. తలంటుకు రెండు బకెట్లు, మామూలు రోజున ఒకటి. గీజర్ మాకు చలికాలంలోనే అవసరం. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళకి చెయ్యి కాలుతుంది, వాటిని బకెట్‌లో చల్లార్చుకోవాల్సి వస్తుంది.

మాది పాత పది లీటర్ల ఫ్లష్ ట్యాంకు. అందులో రెండు లీటరు సీసాలు నీళ్ళతో నింపి, మూత బిగించి నిలబెట్టాను. ఫ్లష్ కొట్టినప్పుడల్లా రెండు లీటర్లు మిగులుతున్నాయి. కొందరు ఇటుక పెడతారు, అది వద్దు. నాని పొడి రాలి వాషర్‌ను తినేస్తుంది. రెండు మీటలున్న కొత్త ట్యాంకుల్లో సీసాలూ అక్కర్లేదు, చిన్న మీట వాడితే చాలు. ఆర్‌వో మిషన్ వదిలేసే నీళ్ళు ఓ టబ్‌లో పట్టి బాత్రూమ్ కడగడానికి వాడుతున్నాం.

ఇక బయటికి పోయే నీళ్ళు. గట్టి వాన పడితే కృష్ణానగర్ వీధుల్లో బైకులు కొట్టుకుపోవడం మీరు టీవీల్లో చూసే ఉంటారు. మ్యాన్‌హోల్ పొంగితే ఆ నీళ్ళు వచ్చేది గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్ల బాత్రూముల్లోంచే. పూడిక తీసినప్పుడు గట్టున పోసిన కుప్ప నేను దగ్గర్నుంచి చూశాను. షాంపూ ప్యాకెట్లు, తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు, జుట్టు ఉండలు. వైప్స్ చూడటానికి కాగితంలా ఉంటాయి గానీ చాలావాటిలో ప్లాస్టిక్ పోగులు ఉంటాయి, నీళ్ళలో కరగవు. మా పక్క పోర్షన్ అమ్మాయి సినిమాల్లో గుంపులో నిలబడే ఆర్టిస్టు. మేకప్ తీయడానికి కొబ్బరినూనె రాసుకుని పాత కాటన్ చీర ముక్కతో తుడుచుకుంటుంది, ఆ ముక్క ఉతికి ఆరేస్తుంది. వైప్స్ ప్యాకెట్ కొనడం తన కూలికి గిట్టదంటుంది. ఆమె పద్ధతే మేలైనది. ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్‌ను 2022 జులై నుంచి దేశంలో నిషేధించారు, రూపాయి షాంపూ ప్యాకెట్లు మాత్రం ఇప్పటికీ కిరాణా కొట్ల ముందు దండల్లా వేలాడుతున్నాయి. వారం వారం తలంటుకునే ఇంట్లో పెద్ద సీసా ఒకటి కొంటే అంత చెత్త తగ్గుతుంది. కుంకుడుకాయలు కొట్టుకునే ఓపిక ఉంటే ఇంకా మంచిది.

యాసిడ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మరకలు పోవట్లేదని ఓసారి యాసిడ్ పోసి, దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లాను. గొంతు పట్టేసింది, కళ్ళు మండిపోయాయి, తలుపు తీసుకుని బయటపడ్డాక కూడా దగ్గు ఆగలేదు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. కిటికీ లేని మన బాత్రూముల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇప్పుడు రోజూ స్నానం అయ్యాక చీపురుతో ఓసారి రుద్దేస్తాను, ఆదివారం సోడా ఉప్పు చల్లి బ్రష్ పెడతాను. మరక ముదరకపోతే యాసిడ్ అవసరం పడదు. నేను పోసింది నాలా దారిన మూసీకి చేరుతుందన్న ఎరుక కూడా ఉంది.

ఇవన్నీ ఒక్కరోజులో చేయమని అడగను. ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ ఫ్లష్ ట్యాంకు మూత తీసి చిటికెడు మిఠాయి రంగు కలపండి. పావుగంట ఆగి కమోడ్‌లో చూడండి. చార కనిపిస్తే రేపే వాషర్ మార్పించండి, పక్క పోర్షన్ వాళ్ళకీ చెప్పండి.