జ్యేష్ఠం దాకా కత్తి ఎత్తకండి

భీమడోలులో హైవే దాటి ద్వారకా తిరుమల వైపు ఎక్కేకొద్దీ ఎర్రనేల, మెట్ట. దక్షిణానికి దిగితే రేగడి, ఆపైన కొల్లేరు. పూలచెట్టు వేసేవాళ్లు ముందు తమ పెరడు ఎటువైపు వస్తుందో చూసుకోవాలి. రేల మెట్టది. నీరు నిలిచేచోట వేళ్లకు ఊపిరాడక గిడసబారిపోతుంది. పల్లపు దొడ్డికి కానుగే మేలు. నాలుగు రోజులు నీళ్లు నిలిచినా, ఉప్పు తగిలినా ఓర్చుకుంటుంది. వసంతంలో లేతాకుతో పాటే తెలుపూ లేత ఊదా కలిసిన పూత పెడుతుంది, చెట్టంతా తేనెటీగల రొద. నీడచెట్టు కిందే జమకట్టి దాన్ని పూలచెట్ల లెక్కలోంచి తీసేయడం అన్యాయం.

ఎదిగిన చెట్టుకు మాఘ ఫాల్గుణాల్లో నీళ్లు పెట్టకూడదు, కొమ్మ కొట్టకూడదు. ఆకు రాలుతోంది, వాకిలి చిమ్మలేకపోతున్నామని చాలామంది సరిగ్గా అప్పుడే కొట్టించేస్తారు. వేపను అలా కొట్టించిన ఇంట్లో ఉగాది పచ్చడికి పువ్వు బజారులో కొనుక్కోవాల్సిందే. రేలకు నీళ్లు పోసి గుప్పెడు యూరియా వేస్తే ఆకే తోస్తుంది. ఎదుగుదల ఆగితేనే మొగ్గ కడుతుంది, అందుకు కాస్త దాహం కావాలి. చిన్న మొక్కలకు మాత్రం మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు తప్పవు.

దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అందరూ నీటికోసం చూసే ఆ రోజుల్లోనే రేల పచ్చటి గుత్తులు దించుతుంది, పెద్ద నల్ల తుమ్మెదలు మూగుతాయి. కేరళలో విషు పండుగకు పెట్టేది ఈ పువ్వే, థాయ్‌లాండ్ జాతీయ పుష్పమూ ఇదే.

కత్తి పట్టాల్సింది జ్యేష్ఠంలో. వరి రైతులు పచ్చిరొట్ట కోసం కానుగ కొమ్మలు నరికి దమ్ములో తొక్కించేది ఆ అదనులోనే. అప్పటికి పూత అయిపోతుంది, తొలకరి పడుతుంది. కొట్టినచోట లేచిన చిగురు చలికాలానికి ముదిరి, మళ్లీ వసంతానికి పూతకొస్తుంది. పొలం కోసం చేసే పని చెట్టుకూ సరిగ్గా సరిపోయింది. ఇంత చక్కటి పద్ధతిని వదిలేసి ఎప్పుడు పడితే అప్పుడు రంపం పెట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కొత్తగా నాటేవాళ్లు కడియం నర్సరీల్లో పొడుగు మొక్కకు ఆశపడవద్దు. సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకుపోయిన మొక్క కంటే చిన్నదే తొందరగా కుదురుకుంటుంది. తురాయిని గోడ పక్కన వేయవద్దు, దాని వేళ్లు పైపైనే పాకుతాయి. ఇక ఏ చెట్టునైనా కరెంటు తీగల కింద అసలే వద్దు. తీగలకు తగిలే కొమ్మను ఎవరూ జ్యేష్ఠం దాకా ఉండనివ్వరు.